పది షిల్లింగుల సంతకం – సాలమన్ లిండా జీవితం

ఈ ప్రత్యేక సంచికలో కీర్తిశేషులైన ప్రముఖుల జీవితాలు వేయాలని కార్యవర్గం తీర్మానించిందని, నన్ను కూడా ఒకటి రాయమని కార్యదర్శి గారు మద్దిలపాలెం బస్ డిపో ఎదుట కనిపించి చెప్పారు. నేను పేరు ఇచ్చే సరికే గురజాడ వారిని, అల్లూరి సీతారామరాజును, తెన్నేటి విశ్వనాథం గారిని మిత్రులు పంచేసుకున్నారు. ఆదిభట్ల నారాయణదాసు గారు కూడా మిగలలేదు. నేను చెప్పిన పేరు విని కార్యదర్శి గారు రెండుసార్లు అడిగి రాసుకున్నారు. ఆ పేరు సాలమన్ లిండా. దక్షిణాఫ్రికా దేశస్థుడు, జులూ జాతివాడు, పాటగాడు. 1962లో చనిపోయాడు.

ఈయనకూ మన సంఘానికీ ఏమిటి సంబంధమని సభ్య మిత్రులు అడగవచ్చు. పేరు మీరు విని ఉండకపోవచ్చు గాని, ఆయన కూర్చిన రాగం మీ ఇళ్లలో మోగే ఉంటుంది. 1994లో వచ్చిన 'లయన్ కింగ్' అనే సింహాల బొమ్మల సినిమాలో ముంగిసలాంటి జంతువొకటి, అడవిపంది ఒకటి కలిసి అడవిలో కూనిరాగం తీస్తూ నడుస్తాయి. మా మనవడు చిన్నప్పుడు ఆ ముక్కను వెనక్కి తిప్పి తిప్పి చూసేవాడు. సింహం నిద్రపోతోందన్న అర్థం వచ్చే ఆ ఇంగ్లీషు పాట మూలం సాలమన్ లిండాది. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తరువాత పేపరు చదివితే తెలిసింది. చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చివర చెబుతాను, అది నా సొంత లెక్క.

లిండా 1909లో నటాల్ రాష్ట్రంలో పొమెరాయ్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. నటాల్ అన్న పేరు మన ప్రాంతపు పెద్దలకు కొత్త కాదు. 1860 నుండి చెరకు తోటల్లో పనికి మద్రాసు రేవు మీదుగా ఓడల్లో వెళ్లిన కూలీలలో మన తెలుగు జిల్లాల వాళ్లు చాలామంది ఉన్నారు. గాంధీగారు వకీలుగా వెళ్లిందీ ఆ నటాల్‌కే. ఆయన దక్షిణాఫ్రికా విడిచి వచ్చేసిన 1914 నాటికి లిండా ఐదేళ్ల కుర్రాడు. మిషను బడిలో కొంత చదువుకున్నాడు. మిగిలిన పొద్దంతా పశువులు కాయడమే. కొండల్లో సింహాలు మందల మీదకు వస్తే తరిమేవారని, ఆ జ్ఞాపకమే తరువాత పాట అయిందని చెబుతారు. పెళ్లిళ్లలో, పండుగలలో ఊళ్లోవాళ్లంతా గుంపుగా పాడే అలవాటు ఉండేది. బడిలో నేర్చిన పడమటి సంగీతపు బాణీ ఆ గుంపు పాటలో కలిసింది.

1931లో, ఇరవై రెండేళ్ల వయసులో, జొహానెస్‌బర్గ్ వెళ్లాడు. బంగారు గనుల పట్నం. మన గంజాం, విశాఖ జిల్లాల వాళ్లు రంగం వెళ్లినట్టే నల్లజాతి పల్లెల వాళ్లు అక్కడికి వెళ్లేవారు. ఏ వీధిలో తిరగాలన్నా జేబులో పాసు పుస్తకం ఉండాలి. మొదట ఒక సామానుల కొట్టులో పని, తరువాత కార్ల్టన్ హోటల్లో పని. ఆదివారాలు, రాత్రులు పాట. మేనమామల బృందం పేరు 'ఈవెనింగ్ బర్డ్స్', అంటే సాయంకాలపు పక్షులు. అది 1933లో విడిపోతే లిండా తన ఊరి స్నేహితులను చేర్చుకుని అదే పేరుతో కొత్త బృందం కట్టాడు. ఆరుగురు. లిండాది అన్నిటికన్నా పైస్థాయి గొంతు. కింద మంద్రంలో ముగ్గురు ఒకే మాట పట్టుకుని ఊపుతూ ఉంటే దాని మీద ఈయన గొంతు ఎగిరేది. అందరూ చారల కోట్లు, టోపీలు, మెరిసే బూట్లు వేసుకుని వేదిక ఎక్కేవారు. పగలు ఎంగిలి పళ్ళేలు తీసే మనిషైనా రాత్రి ఆ కోటులో దొరలా కనిపించాలన్నది వాళ్ల పట్టుదల. మన తప్పెటగుళ్ల వాళ్లు ఎంత బీదవాళ్లయినా ప్రదర్శన నాడు నిక్కర్లకు జరీ అంచు కుట్టించుకుంటారే, అలాంటిదే ఇదీ.

ఆ పట్నంలో ఎరిక్ గాలో అనే ఆయన రికార్డుల కంపెనీ పెట్టాడు. నల్లజాతి పాటగాళ్లను వెతికి తేవడానికి గ్రిఫిత్ మొట్సియెలోవా అనే ఆయనను నియమించుకున్నాడు. మొట్సియెలోవా కూడా నల్లజాతివాడే, స్వయంగా కళాకారుడు. ఆయన లిండా బృందాన్ని పట్టుకొచ్చాడు. 1939లో ఒకరోజు స్టూడియోలో 'ఎంబూబె' అనే పాట పాడించారు. జులూ భాషలో ఆ మాటకు సింహం అని అర్థం. ఆ రోజుల్లో పాటను నేరుగా మైనపు పలక మీద గీసేవారు. తప్పు వస్తే దిద్దే వీలు లేదు, మొదటి నుండి మళ్లీ పాడవలసిందే. మూడోసారి పాడుతుండగా, ఆఖరుకు వచ్చేసరికి, లిండా ముందుగా అనుకోని ఒక వరుసను ఆశువుగా ఎత్తుకున్నాడు. పట్టుమని పదిహేను స్వరాలు. తరువాత ప్రపంచమంతా పాడింది ఆ పదిహేను స్వరాలనే.

చిన్నప్పుడు మా ఇంట్లో గ్రామఫోను లేదు గాని ఎదురింటి ప్లీడరు గారికి ఉండేది. కుక్క బొమ్మ రికార్డులు. ఆ నల్ల పళ్ళేలు లక్కతో చేసేవారని, ఆ లక్క ఎక్కువగా మన దేశం నుండే ఎగుమతి అయ్యేదని తరువాత చదివాను. అంటే లిండా గొంతు నిలిచిన ఆ పళ్ళెంలో మన అడవుల లక్క కూడా ఉండే ఉంటుంది. విషయానికి వస్తాను.

ఆ రికార్డు దక్షిణాఫ్రికాలో 1940లలోనే లక్ష కాపీల దాకా అమ్ముడయింది. లిండా తన జనంలో పెద్ద పేరున్నవాడయ్యాడు. గుంపుగా వాద్యాలు లేకుండా పాడే ఆ తరహా పాటకే 'ఎంబూబె' అని పేరు స్థిరపడిపోయింది. చాలాకాలం తరువాత లోకమంతా తిరిగి పాడిన 'లేడీస్మిత్ బ్లాక్ మంబాజో' బృందం ఆ సంప్రదాయంలోంచి వచ్చినదే. అయితే పాట మీద హక్కును లిండా గాలో కంపెనీకి పది షిల్లింగులకు రాసిచ్చేశాడు. అమెరికా డబ్బులో రెండు డాలర్ల లోపు. పైగా ఆ కంపెనీ రికార్డుల ఫ్యాక్టరీలోనే ఆయనకు సరుకు కట్టే పని ఇచ్చారు. పాడిందీ ఆ కంపెనీకే, పెట్టెలు కట్టిందీ ఆ కంపెనీలోనే. ఆ ఉద్యోగం ఇచ్చినందుకు ఆయన కృతజ్ఞతతో ఉండేవాడేమో కూడా. నెల జీతం తెచ్చే మనిషికి ఆ జీతం ఇచ్చినవాడి మీద ప్రశ్న వేయడం ఎంత కష్టమో మనలో తెలియనివారు లేరు.

ఇక్కడి నుండి పాట ఒక దారిన, మనిషి ఒక దారిన వెళ్లారు.

ఆ రికార్డు అమెరికా చేరింది. జానపద గీతాలు సేకరించే అలాన్ లోమాక్స్ అనే ఆయన దానిని పీట్ సీగర్ అనే గాయకుడి చేతిలో పెట్టాడు. సీగర్ మంచివాడు, కార్మికుల పక్షాన పాడినవాడు, అందుకు వేధింపులు కూడా పడ్డాడు. ఆయన రికార్డు విని స్వరాలు రాసుకున్నాడు. జులూ మాట 'ఉయింబూబె' ఆయన చెవికి 'విమొవే' అని వినిపించింది. అలాగే రాసుకున్నాడు. మన కొండ గ్రామాల పాటలను పట్నం వాళ్లు రాసుకున్నప్పుడు కూడా ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి. సీగర్ ఉన్న 'వీవర్స్' బృందం ఆ పాటను రికార్డు చేస్తే 1952లో అది అమెరికాలో బాగా నడిచింది. రచయిత పేరు ఉండవలసిన చోట పాల్ క్యాంప్‌బెల్ అని వేశారు. ఆ పేరుగల మనిషి ఎవరూ లేడు. ఎవరివో తెలియని పాత జానపదాలకు వచ్చే రాయల్టీ తీసుకోవడానికి కల్పించుకున్న పేరు అది.

గుమాస్తా పని చేసినవాడిగా నేను ఇక్కడ ఆగిపోయాను. లిండా పాట ఎవరిదో తెలియని పాత పాట కాదు. రికార్డు మీద పేరుంది. మనిషి బతికే ఉన్నాడు, జొహానెస్‌బర్గ్ దగ్గర పెట్టెలకు మేకులు కొడుతున్నాడు. కాని జానపదం అన్న ఒక్క మాట ఫైలు మీద పడగానే హక్కుదారు కాలమ్‌లో శూన్యం చేరింది. ఆఫ్రికా నుండి వచ్చింది కాబట్టి ఏ తెగవారో తరతరాలుగా పాడుకునేది అయి ఉంటుందని అనుకున్నారు. ఆ అనుకోవడం వల్ల ఎవరికి లాభమో చూస్తే మిగతాది అర్థమవుతుంది. సీగర్ తన వంతుగా లిండాకు వెయ్యి డాలర్ల చెక్కు పంపించాడు, ఇక మీదట రాయల్టీ ఆయనకు పంపమని ప్రచురణకర్తలకు చెప్పాడు. అది సరిగా వెళుతోందో లేదో తాను కనిపెట్టుకుని చూడలేదని తరువాత తనే విచారించాడు. అమెరికా ప్రచురణ సంస్థకూ గాలో కంపెనీకీ మధ్య ఎవరి ప్రాంతం ఎవరిదని ఒప్పందం జరిగింది. ఆ కాగితంలో లిండాకు చోటు లేదు.

1961లో 'టోకెన్స్' అనే కుర్రాళ్ల బృందం కోసం జార్జ్ వైస్ అనే ఆయన ఆ రాగానికి ఇంగ్లీషు మాటలు రాశాడు. సింహం నిద్రపోయిన పాట అదే. లిండా చివర్లో ఆశువుగా ఎత్తిన పదిహేను స్వరాలు ఈసారి పాటకు పల్లవి అంతటివి అయ్యాయి. అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన పాటల పట్టీలో మొదటి స్థానానికి వెళ్లింది. తరువాత ఎన్ని దేశాలలో ఎన్ని బృందాలు పాడాయో లెక్కపెట్టడం వృథా.

అదే సంవత్సరాలలో లిండా సంగతి చూద్దాం. 1949లో రెజీనా అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. సొవేటోలో కాపురం. పేడతో అలికిన మట్టి నేల ఇల్లు. మన తరంలో చాలామంది అలాంటి నేల మీదే పాకి పెరిగాం కాబట్టి పేడ అలకడం నాకు బీదరికపు గుర్తుగా కనిపించదు. కాని వాళ్ల బిడ్డలలో ఒకరు తిండి చాలక చిన్నతనంలోనే పోయారని చదివినప్పుడు బొమ్మ స్పష్టమయింది. 1959లో లిండా వేదిక మీద పాడుతూ కుప్పకూలాడు. మూత్రపిండాలు చెడిపోయాయి. మూడేళ్లు అలా ఈడ్చి 1962 అక్టోబరు 8న పోయాడు. వయసు 53. అప్పటికి అమెరికా రేడియోలలో ఆయన రాగం ఇంకా మోగుతూనే ఉంది. బ్యాంకులో ఉన్నది 25 డాలర్ల లోపు. సమాధి మీద పేరు చెక్కిన రాయి పెట్టడానికి భార్య దగ్గర డబ్బు లేదు. ఆ రాయి పడడానికి 18 ఏళ్లు పట్టింది.

మామూలుగా జీవిత చరిత్ర ఇక్కడ ముగియాలి. ఈయనది ముగియలేదు. అసలు కథ వారసుల దరఖాస్తుతో మొదలయింది.

ఆయన పోయాక భార్య చేత, ఆ తరువాత కూతుళ్ల చేత కూడా హక్కులు వదులుకుంటున్నట్టు కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. వాటిలో ఏముందో వాళ్లకు ఎంతవరకు తెలుసో ఊహించుకోవచ్చు. అప్పుడప్పుడు కొద్ది డబ్బు వచ్చేది, ఎందుకు వచ్చిందో ఎంత రావాలో తెలిసేది కాదు. కూతుళ్లలో ఒకరు 2001లో పోయారు. అంతకు ముందు సంవత్సరం, 2000లో, రయన్ మలాన్ అనే దక్షిణాఫ్రికా రచయిత అమెరికాలోని 'రోలింగ్ స్టోన్' పత్రికలో ఈ పాట ఆనుపానులన్నీ వెతికి పెద్ద వ్యాసం రాశాడు. ఒక్క 'లయన్ కింగ్' వల్లనే ఆ పాట మీద కోటీ యాభై లక్షల డాలర్లు వచ్చి ఉంటాయని ఆయన అంచనా. ఆ వ్యాసం తరువాతనే గాలో కంపెనీ, అక్కడి ప్రభుత్వం కూడా కూతుళ్ల పక్షాన కదిలాయి. ఒకప్పుడు పది షిల్లింగులిచ్చిన కంపెనీయే ఇప్పుడు కోర్టు ఖర్చుకు సాయపడింది. కాలం మారితే సంస్థలూ మారతాయి, అది ఒప్పుకోవాలి.

ఓవెన్ డీన్ అనే న్యాయవాదికి ఫైలు అప్పగించారు. అన్ని కాగితాల మీదా సంతకాలున్నాయి. చూడగానే కేసు లేదని తిప్పి పంపే ఫైలు అది. ఆయన పాత చట్టాలు తిరగేశాడు. పాట పుట్టిన 1939 నాటికి అక్కడ అమలులో ఉన్నది బ్రిటిషు సామ్రాజ్యమంతటికీ చేసిన 1911 నాటి కాపీరైటు చట్టం. అందులో ఒక ఉప నిబంధన ఉంది. రచయిత తన జీవితకాలంలో హక్కు ఎవరికి అమ్మినా సరే, అతడు చనిపోయిన 25 ఏళ్లకు ఆ హక్కు కొన్నవాడి నుండి తిరిగి వచ్చి అతని వారసత్వానికి చేరుతుంది. డికెన్స్ వంటి రచయితల కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని పెట్టారంటారు, అందుకే దానికి డికెన్స్ నిబంధన అన్న పేరు వచ్చింది. లిండా పోయింది 1962. పాతికేళ్లు కలిపితే 1987. అంటే 'లయన్ కింగ్' తీసే నాటికే పాట తిరిగి ఇంటికి వచ్చేసింది, ఆ సంగతి ఇంట్లోవాళ్లకు ఎవరూ చెప్పలేదు. మరి భార్యా కూతుళ్లూ చేసిన సంతకాల మాట ఏమిటంటే, ఆ హక్కు చేరవలసింది విడివిడిగా వాళ్లకు కాదని, చనిపోయినవాడి ఎస్టేటుకని వాదన. ఎస్టేటు తరఫున ఎగ్జిక్యూటరును నియమించి ఆయన పేరు మీదే దావా వేశారు.

ఆ చట్టం సామ్రాజ్యమంతటిదీ అని రాశాను గదా. మన దేశంలోనూ 1914 చట్టం ద్వారా అదే అమలులో ఉండేది. 1957 చట్టం 1958 జనవరిలో అమలులోకి వచ్చే వరకు మన గ్రామఫోను పాటగాళ్లు, హరికథకులు, నాటకాల పద్యాలు పాడినవాళ్లు రాసిచ్చిన కాగితాలన్నీ ఆ చట్టపు నీడలో రాసినవే. ఆ నిబంధన మన వాళ్లలో ఎంతమందికి తెలుసు?

2004లో దావా పడింది. ప్రతివాది డిస్నీ సంస్థ. అమెరికా సంస్థ మీద దక్షిణాఫ్రికా కోర్టుకు అధికారం రావాలంటే ఆ దేశంలో దాని ఆస్తి ఏదైనా అటాచ్ చేయాలి. మిక్కీ మౌస్ వంటి బొమ్మల ట్రేడ్‌మార్కులను అటాచ్ చేయించారు. మన తహసీల్దారు ఆఫీసుల్లో బకాయిదారుడి ఇంటి తలుపులు, గేదెలు జప్తు చేసిన ఫైళ్లు చూశాను గాని బొమ్మ ఎలుకను జప్తు చేయడం ఇక్కడే చదివాను. 2006 ఫిబ్రవరిలో, విచారణకు వెళ్లకుండానే, పాట హక్కులు చూసే అబిలీన్ అనే అమెరికా సంస్థతో రాజీ కుదిరింది. 1987 నుండి రావలసిన బాకీ, ఇక మీదట రాయల్టీ ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పాట కర్తలలో సాలమన్ లిండా పేరు చేర్చడానికి ఒప్పుకున్నారు. మొత్తం ఎంత అన్నది బయట పెట్టలేదు.

అంతా సుఖాంతం అని రాస్తే అబద్ధం అవుతుంది. డబ్బు చూడడానికి ఒక ట్రస్టు పెట్టారు. అనుకున్నంత రాలేదని, వచ్చినదానికి లెక్క తమకు సరిగా తెలియలేదని కూతుళ్లు అసంతృప్తి చెందిన సంగతి 2019లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ చిత్రంలో ఉంది. ఆ దేశపు చట్టం ప్రకారం రచయిత పోయిన 50 ఏళ్ల వరకే కాపీరైటు. ఆ లెక్కన 2012తో అక్కడ ఆ గడువు కూడా తీరిపోయింది. పాతికేళ్లు హక్కు వీళ్లది, అందులో 19 ఏళ్లు తమదని తెలియకుండానే, తెలిసీ రాబట్టుకోలేకనే గడిచిపోయాయి. ఫ్యామిలీ పెన్షన్ మంజూరయ్యే నాటికి పెన్షనరు భార్య కూడా పోయిన కేసులు నా టేబుల్ మీద నుండి రెండు వెళ్లాయి. అవి గుర్తుకొచ్చాయి.

ఇక నా లెక్క. 1986లో నేను యు.డి.సి.ని. మా అత్తవారి ఊరి తప్పెటగుళ్ల బృందం చందనోత్సవానికి సింహాచలం వచ్చి, మద్దిలపాలెంలో మా వరండాలో దిగారు. వాళ్ల గురువు రొమ్ముకు తప్పెట కట్టి ఎగిరి పాడుతుంటే వీధి వీధంతా మా గుమ్మం ముందు చేరింది. ఆ విడతలోనే ఒక క్యాసెట్ల కంపెనీ మనుషులు వాళ్ల పాటలు రికార్డు చేస్తామని వచ్చారు. ఇంగ్లీషులో టైపు చేసిన స్టాంపు కాగితం. గురువు దానిని నా చేతిలో పెట్టి చదివి చెప్పమన్నాడు. బాబు చదువుకున్నవాడు, గవర్నమెంటు ఆఫీసులో ఉన్నాడు అని వాళ్ల ధైర్యం. సమస్త హక్కులు, శాశ్వతంగా, అన్ని దేశాలకు అన్న మాటలు అందులో ఉన్నాయి. నేను చదివాను. చదివి, అది మామూలు భాషే, ఫరవాలేదు, వేలిముద్రలు వేయండి అన్నాను. తొందరగా ఆఫీసుకు వెళ్లాలి. బృందమంతటికీ కలిపి 400 రూపాయలు, ఒక పూట భోజనం. సాక్షి సంతకం నాదే.

క్యాసెట్టు కొండ కింద కొట్లలో ఏళ్ల తరబడి అమ్మారు. అట్ట మీద సాంప్రదాయ జానపదం అని ఉంది. గురువు పేరు లేదు. ఆయన ఎప్పుడూ నన్ను అడగలేదు, ఎదురుపడితే అదే ప్రేమతో పలకరించేవాడు. అడిగి ఉంటే బాగుండేది. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

నిరుడు ఆయన మనవడు వచ్చాడు. ఆటోనగర్‌లో షెడ్డులో పని. సెల్‌ఫోన్‌లో వాళ్ల తాత గొంతు వినిపించాడు. ఎవరో ఎక్కించారు, లక్షల మంది విన్నట్టు అంకె కనిపిస్తోంది. కింద బృందం అని తప్ప పేరు లేదు. తాతగారూ, ఆ రోజు రాసిన కాగితం నకలు మీ దగ్గర ఉందేమోనని అడిగాడు. లేదు. ఉద్యోగంలో ప్రతి కాగితానికీ నకలు తీసి ఫైలు చేసినవాడిని, దానికి మాత్రం తీయలేదు. లిండా కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టనిది ఈ కాగితం వల్లనే.

తెలిసిన అడ్వొకేటు గారి దగ్గరకు ఇద్దరం వెళ్లాం. కేసు బలమైనది కాదని ఆయన దాచకుండా చెప్పారు. మన దేశంలో పాడినవాడికంటూ విడిగా హక్కును చట్టం గుర్తించింది 1994 సవరణతో, అంటే మా రికార్డింగు జరిగిన ఎనిమిదేళ్లకు. రికార్డింగు మీద కంపెనీ హక్కు 60 ఏళ్లు. 1986లోనే క్యాసెట్టు విడుదలయింది కాబట్టి 2046 వరకు ఉంటుంది. పాటలు తరతరాలవి కాబట్టి రచయితనని గురువు చెప్పుకోవడానికి లేదు. హక్కు ఎంతకాలానికో కాగితంలో రాయకపోతే ఇప్పటి చట్టం ఐదేళ్లనే లెక్కిస్తుంది, కాని మా కాగితంలో శాశ్వతంగా అన్న మాట ఉండనే ఉంది. చదివినవాడిని నేనే గదా. ఇంతకన్నా ఆశ చూపించడం ధర్మం కాదన్నారు. అయితే పేరు వేయమని అడగడానికి, ఒప్పందం నకలు ఇమ్మని అడగడానికి చట్టం అడ్డు రాదన్నారు.

2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో సారంగ దరియా పాట వచ్చినప్పుడు, అంతకు ముందే దానిని టీవీలో పాడిన జానపద గాయని తన సంగతి ఏమిటని అడగడం, పేపర్లలో చర్చ జరగడం సభ్యులకు గుర్తుండే ఉంటుంది. అడిగితే కనీసం చర్చ అయినా జరుగుతుందని మనవడికి చెప్పాను.

మేమిద్దరం మా డాబా మీద కూర్చుని అర్జీ రాశాం. బృందంలోని తొమ్మిది మంది పేర్లు, ఊరు, రికార్డింగు జరిగిన సంవత్సరం రాశాం. అట్ట మీదా, ఫోన్‌లో కనిపించే చోటా గురువు పేరు వేయాలని, ఒప్పందం నకలు పంపాలని కోరాం. సాక్షిగా ఆనాడు సంతకం చేసింది నేనేనని, కాగితం అర్థం వాళ్లకు విడమర్చి చెప్పలేదని అర్జీలోనే రాసి సంతకం పెట్టాను. వద్దన్నాడు మా పెద్దబ్బాయి. పెట్టాను. ఆ కంపెనీ చేతులు మారి వేరే పేరుతో నడుస్తోంది, చిరునామా పట్టుకోవడానికే రెండు నెలలు పట్టింది. అర్జీ వాళ్లకు అందినట్టు తపాలా రసీదు వచ్చింది, జవాబు రాలేదు. రసీదు ఫైలులో పెట్టి, వచ్చే నెల మొదటి వారంలో రిమైండరు పంపాలని క్యాలెండరు మీద గుర్తు పెట్టుకున్నాను.